చెడు కబురు చెప్పేవాడికి ఒక కుర్చీ

విజయవాడలో, గుంటూరులో నాయకత్వ శిక్షణ తరగతులు నడిపే నిర్వాహకులకు, ఆ తరగతులకు ఫీజు కట్టి మనుషుల్ని పంపే యజమానులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఆరేళ్ళు గుమస్తాగా చేసి కిందటేడు మానేశాను. చదివింది బీఏ హిస్టరీ, చేసింది మిరపకాయ టిక్కీల (బస్తాల) లెక్క. ఆ చదువుకూ ఈ పనికీ ఏం సంబంధమని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. మీ క్లాసుకు వచ్చేదాకా నాకూ సంబంధం కనపడలేదు.

మూడేళ్ళ కిందట మా ఓనరు గారు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటల్లో రెండు రోజుల శిక్షణకు వెళ్తూ తోడుగా నన్నూ తీసుకెళ్ళారు. ప్రాచీన యోధుల నుంచి నేటి మేనేజ్‌మెంట్ పాఠాలు, అదీ విషయం. చెంపకు మైకు అంటించుకున్న మాస్టారు బాగానే మాట్లాడారు, అబద్ధమెందుకు. అలెగ్జాండర్ గుర్రం, హానిబాల్ ఏనుగులు, చెంఘిజ్‌ఖాన్ గుడారం, కృష్ణదేవరాయల కొండవీటి దండయాత్ర, మధ్యలో మన పల్నాటి బాలచంద్రుడు, అందరూ తెర మీద వరసగా వచ్చిపోయారు. ప్రతి బొమ్మ కిందా ఒక మాట. తెగించు. వెనక్కి చూడకు. ఎదుటివాణ్ణి ఊపిరి తీసుకోనివ్వకు. అందరం లేచి నిలబడి అరిచాం కూడా. చివర్లో సర్టిఫికెట్టుతో పాటు జానెడు ఇత్తడి కత్తి చేతిలో పెట్టారు. మా ఓనరు గారు దాన్ని తెచ్చి క్యాష్ టేబుల్ వెనక, లక్ష్మీదేవి పటం పక్కన మేకుకు తగిలించారు.

కత్తితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ పక్కనే గోడకెక్కిన కాగితంతో. మీ క్లాసులో రాసుకున్న మాటలు రెండింటిని ఆయన పెద్దక్షరాలతో ప్రింటు తీయించి అంటించారు. "సమస్యతో నా దగ్గరికి రావద్దు, పరిష్కారంతో రండి." దాని కింద, "యుద్ధంలో సైనికుడు ఎదురు ప్రశ్న వెయ్యడు."

మిరపకాయ సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. శివరాత్రి వెళ్ళేసరికి కాయ జోరుగా యార్డుకు దిగుతుంటుంది. రేటు గిట్టని రైతు, రేటు పెరుగుతుందనుకున్న వ్యాపారి సరుకును కోల్డ్‌లో పెడతారు. ఎండలు ముదిరేసరికి ఛాంబర్లు నిండిపోతాయి. చల్లగా, పొడిగా ఉన్నంతకాలం కాయ రంగు పోదు. తడి తగిలిందా, బూజు పడుతుంది. ఇక అది ఎంత మంచి తేజ రకమైనా తాలు కాయల పక్కన చేరాల్సిందే.

ఆ ఏడు తొలకరి పడ్డ వారానికి మా హమాలీ మేస్త్రి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గుమస్తా గారూ, మూడో ఛాంబర్లో అడుగు వరస బస్తాలు చేతికి చెమ్మగా తగులుతున్నాయండీ."

ఎందుకంటావ్ అన్నాను.

"అదంతా నాకేం తెలుసండీ, మోసేవాణ్ణి. తగులుతోంది, చెప్పాను."

నేను తలెత్తి గోడ మీద కాగితం చూశాను. సమస్య ఉంది, పరిష్కారం లేదు. కారణం తెలుసుకుని అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. మిషన్ ఆపరేటరును అడిగితే, కంప్రెసరు పనిలో ఉన్నాను, తీరిక చూసుకుని వస్తానన్నాడు. అతనూ ఆ కాగితం చదివినవాడే. మేస్త్రి ఇంకోసారి గుర్తుచేశాడు. మూడోసారి చెయ్యలేదు. పన్నెండు రోజులకు ఒక రైతు డెలివరీకి వచ్చి దొంతర విప్పించేసరికి సంగతి బయటపడింది. కాయిల్స్ కింద నీళ్ళు పట్టే ట్రే గొట్టం పూడిపోయింది. చుక్కా చుక్కా గోడ వెంట దిగి అడుగు వరస తాగేసింది. పుల్లతో పొడిస్తే పోయే పూడిక. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నాం. రెండు వందల చిల్లర టిక్కీలు పోయాయి. నష్టం కట్టిచ్చేసరికి ఆ ఏటి లాభం కరిగింది. "ఒక్కడూ నాకు చెప్పలేదేంరా!" అని మా ఓనరు గారు అరిచినప్పుడు అందరం గోడవైపు చూశాం. తిలా పాపం తలా పిడికెడు. అందులో నా పిడికిలే పెద్దది, ఎందుకంటే మేస్త్రి వచ్చి చెప్పింది నాతోనే.

ఆ వానాకాలమంతా మీరు తెర మీద చూపించిన రాజుల్నే మళ్ళీ చదువుతూ కూర్చున్నాను. వాళ్ళ దగ్గర కూడా ఎవరో ఒకరు చెమ్మ తగులుతోందని చెప్పి ఉంటారు కదా, ఆ చెప్పినవాళ్ళు ఏమయ్యారో చూద్దామని. హానిబాల్‌ను వదిలేశాను, ఏనుగుల మీద నాకంత ఆసక్తి లేదు. మిగతావాళ్ళ దగ్గర దొరికింది చెబుతాను.

ముందు అలెగ్జాండర్. ఎడారిలో సైన్యం దాహంతో అల్లాడుతుంటే ఎవరో శిరస్త్రాణంలో కాసిని నీళ్ళు తెచ్చిచ్చారనీ, అందరికీ లేని నీళ్ళు నాకెందుకని ఆయన వాటిని ఇసకలో పారబోశాడనీ మీరు చెప్పారు. హాలంతా చప్పట్లు. పాత చరిత్రకారుడు ఏరియన్ రాసిన ఘట్టమే అది, కాదనను. వాళ్ళు ఆ ఎడారిలోకి ఎందుకు వెళ్ళారో మాత్రం మీరు చెప్పలేదు. అది గెడ్రోసియా, నేటి బలూచిస్తాన్ వైపు, క్రీ.పూ. 325. తీరం వెంట వచ్చే ఓడలకు తిండీ నీళ్ళూ సమకూర్చాలన్నది ఒక కారణం. అంతకుముందు సెమిరామిస్ రాణి, సైరస్ చక్రవర్తి సైన్యాలతో దిగి చితికిపోయారని చెప్పుకునే దారిని తాను దాటి చూపించాలన్న పంతం ఇంకొకటి. వేలమంది ఆ ఇసకలో పోయారు. వెంట నడిచిన ఆడవాళ్ళు, పిల్లలు కూడా పోయారు. నీళ్ళు పారబోసిన చెయ్యిని పొగిడి, ఆ దారి చూపించిన చెయ్యి కూడా అదేనని చెప్పకపోతే ఎలాగండీ?

ఆ దారి వద్దని చెప్పగల మనుషులు ఒకప్పుడు ఆయన చుట్టూ ఉండేవాళ్ళు. క్లీటస్ ఒకడు. క్రీ.పూ. 334లో గ్రానికస్ నది దగ్గర పోరులో అలెగ్జాండర్ మీద పడబోతున్న కత్తివేటును అడ్డుకుని ప్రాణం నిలబెట్టినవాడు. ఆరేళ్ళ తరవాత సమర్‌ఖండ్ విందులో ఇద్దరూ తాగి ఉన్నప్పుడు, ఈ గెలుపులన్నీ నీ ఒక్కడివే అనుకుంటున్నావా అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. అలెగ్జాండర్ అక్కడికక్కడే ఈటెతో పొడిచి చంపాడు. తరవాత రోజుల తరబడి కుమిలిపోయాడట. కుమిలితే మాత్రం ఏం లాభం? ఆ విందులో కూర్చున్నవాళ్ళందరికీ పాఠం ఒంటబట్టే ఉంటుంది.

ఇంకొకడు కోయనస్. క్రీ.పూ. 326, బియాస్ నది ఒడ్డు. ఎనిమిదేళ్ళుగా నడుస్తున్న సైన్యం, ఆగని వానలు. నది దాటి ఇంకా తూర్పుకు పోదామని అలెగ్జాండర్ సేనానుల ముందు పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే చెప్పమన్నాడు. చాలాసేపు ఎవరూ నోరెత్తలేదు. క్లీటస్ గుర్తొచ్చి ఉంటాడని నా అనుమానం. చివరికి కోయనస్ లేచాడు. బయలుదేరినవాళ్ళలో ఎంతమంది మిగిలారో చూడండి, ఉన్నవాళ్ళు ఇళ్ళు చూడాలనుకుంటున్నారు అన్నాడు. అలెగ్జాండర్ కోపంతో గుడారంలోకి పోయి మూడు రోజులు ఎవరినీ రానివ్వలేదు. తరవాత బలి శకునాలు బాగా లేవన్న వంక దొరికింది, వెనక్కి తిరిగాడు. సైనికులు ఆనందంతో ఏడ్చారని రాశారు. మా గోడ మీది రెండో వాక్యానికి ఇంతకంటే జవాబేముంది? సైనికుడు యుద్ధంలో ఎదురు ప్రశ్న వేశాడు, వేసినందుకే అంతమంది బతికారు. కోయనస్ కొద్దిరోజులకే జబ్బు చేసి పోయాడు. మరుసటి ఏడు ఎడారి దారి పట్టేనాటికి అలా లేచి నిలబడే మనిషి లేడు.

చెంఘిజ్‌ఖాన్‌ను మీరు ప్రాచీనుల్లో కలిపేశారు గానీ, ఆయన మన గణపతిదేవుడు ఓరుగల్లు ఏలుతున్న కాలంవాడు. పదిమందికి ఒకడు, వందకు ఒకడు, వెయ్యికి ఒకడు, పదివేలకు ఒకడు అని ఆయన సైన్యాన్ని కట్టిన తీరు మీరు బాగానే వివరించారు. జెబె కథ వదిలేశారు. ఒక పోరులో కొండ మీంచి వచ్చిన బాణం చెంఘిజ్ గుర్రానికి తగిలింది. గెలిచాక, ఆ బాణం ఎవరిదని పట్టుబడ్డవాళ్ళను అడిగాడు. నాదేనని ఒకడు ముందుకొచ్చాడు. తప్పు దాచకుండా చెప్పినవాడు పక్కన ఉండదగ్గవాడని చేర్చుకుని, బాణమని అర్థం వచ్చే పేరు పెట్టి, పెద్ద సేనానిని చేశాడు. అంతే కథ. ట్రే గొట్టం నేను చూడలేదండీ అని మా ఆపరేటరు నోరు విప్పి చెప్పగలిగే చోటు కావాలంటే ఆ కథ చాలు.

ఇక అశోకుడు. మీ తెర మీద ఆయన రాలేదు. కళింగ యుద్ధం తరవాత కత్తి దించేశాడు కాబట్టి యోధుల జాబితాలో చోటు దక్కలేదేమో. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి అనే ఊరుంది, కర్నూలు జిల్లా. అక్కడ గుట్ట మీద బండలకు ఆయన శాసనాలు చెక్కి ఉన్నాయి. మా తమ్ముడి కూతురి పెళ్ళికి అటు వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం ఎండలో చూసొచ్చాను. అక్షరాలు నాకు రావు, అచ్చులో అనువాదం పక్కన పెట్టుకుని చూశాను. పదమూడో శాసనంలో కళింగ లెక్క చెప్పాడు: లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్షమంది పోరులో చచ్చిపోయారు, అంతకు ఎన్నో రెట్లు ఇతరత్రా పోయారు. గెలిచిన రాజు గెలుపు ఖర్చును తానే రాతికెక్కించాడు. కళింగదేశంలోనే ఉన్న ధౌలిలో మాత్రం ఈ శాసనం చెక్కించలేదు. పుండున్న చోట ఆ మాట ఎత్తకుండా ఊరుకున్నాడు. దాని బదులు అక్కడి అధికారులకు విడిగా ఆజ్ఞ రాయించాడు. ఈర్ష్య, కోపం, కాఠిన్యం, తొందరపాటు, బద్ధకం, అలసట, ఇవి ఉన్నవాడు న్యాయంగా పని చెయ్యలేడు, వీటికి దూరంగా ఉండండి అని. కోపం పక్కన అలసటను కూడా చేర్చిన యజమానిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నన్ను కట్టిపడేసింది ఆరో శాసనం. ఇంతకుముందు ఏ వేళనైనా రాజుకు కబురు అందే ఏర్పాటు లేదు, ఇప్పుడు నేను చేస్తున్నాను అంటాడు. నేను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, పడకగదిలో ఉన్నా, బండిలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రతివేదకులు వచ్చి ప్రజల సంగతి చెప్పాలి అంటాడు. ప్రతివేదకులంటే కబురు చేర్చడమే పనిగా ఉన్నవాళ్ళు. ఆ కింద ఇంకో మాట ఉంది, అది చదివి నేను ఆ బండ పక్కనే కాసేపు కూర్చుండిపోయాను. నేను నోటితో ఇచ్చిన ఆజ్ఞ మీద మంత్రి పరిషత్తులో వాదం వచ్చినా, అది కాదని ఎవరైనా అన్నా, ఆ సంగతి వెంటనే నాకు తెలియాలి, ఎక్కడున్నా, ఎప్పుడైనా.

చూశారా? ఎదురు మాట వస్తే తొక్కెయ్యమనలేదు, ముందు తనకే తెలియాలన్నాడు. పరిష్కారంతో రండి అని ప్రతివేదకులకు చెప్పలేదు. కబురు తేవడం వాళ్ళ పని, ఏం చెయ్యాలో ఆలోచించడం తన పని. మా మేస్త్రికి చేతికి తగిలిన చెమ్మ తెలుసు, కాయిల్ గొట్టం తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ రెండూ తెలిసినవాడే నోరు విప్పాలని మీరు నేర్పిన వాక్యం అంటోంది. ఇంకా చెప్పాలంటే, ఆ వాక్యం బద్ధకస్తుల్ని అదుపులో పెట్టడానికి పుట్టి ఉంటుంది. ప్రతి చిన్నదానికీ ఓనరు గది ముందు నిలబడేవాళ్ళు ఉంటారు, నేను ఎరుగుదును. నలభై మంది పనివాళ్ళున్న చోట అందరూ అన్నీ మోసుకొస్తే పని సాగదు. అశోకుడికీ సాగదు. అందుకే గుంపును రమ్మనకుండా కబురు తేవడానికని మనుషుల్ని పెట్టాడు. మీ క్లాసులో చెప్పాల్సిన పద్ధతి అదీ.

ఇప్పుడు మన వైపు వస్తాను. గౌతమీపుత్ర శాతకర్ణి పేరు విజయవాడలో తెలియనివాడుండడు. మూడు సముద్రాల నీళ్ళు తాగిన గుర్రాలు గలవాడని ఆయన తల్లి గౌతమీ బలశ్రీ నాసిక్ గుహలో చెక్కించింది. ఆయన కొడుకు పులుమావి పేరున్న శాసనం మన అమరావతి స్తూపం దగ్గరే దొరికింది. మీ మాస్టారు గుర్రాల దగ్గరే ఆగిపోయారు. అదే నాసిక్ గుహలో చిన్న శాసనం ఇంకొకటి ఉంది, శాతకర్ణి రాజ్యానికొచ్చిన 24వ ఏట వేసింది. తల్లీ కొడుకూ కలిసి అక్కడి అమాత్యుడికి పంపిన ఉత్తరువు అది. సారాంశం ఇది: ఈ కొండ మీది సన్యాసులకు కఖడి ఊళ్ళో ఇంతకుముందు పొలం ఇచ్చాం. ఆ పొలం ఎవరూ దున్నడం లేదు. ఆ ఊళ్ళో జనమే ఉండడం లేదు. అలాగైతే, పట్నం పొలిమేరలో ఉన్న మా సొంత భూమిలోంచి నూరు నివర్తనాలు (అప్పటి భూమి కొలత) ఇస్తున్నాం.

యుద్ధ శిబిరం నుంచే ఆజ్ఞలు పంపిన రాజు ఆయన. 18వ ఏట ఇచ్చిన దానం తాలూకు ఆజ్ఞ అలాంటి విజయ శిబిరం నుంచి వెళ్ళినదే. ఆరేళ్ళ తరవాత, మేమిచ్చింది పనికిరాలేదు అని రాతి మీద రాసుకున్నాడు. ఎవరో ఒక సన్యాసి, బువ్వ పుట్టక, ప్రభూ మీరిచ్చిన ఊళ్ళో జనమే లేరు అని చెప్పి ఉండాలి. ఆ మాట గుమస్తాల బల్లల మీద ఆగిపోకుండా రాజు దాకా వెళ్ళి ఉండాలి. మా దగ్గర పన్నెండు రోజులు నా బల్ల దాటలేదు. నాకైతే మూడు సముద్రాల గుర్రాల కంటే ఈ ఉత్తరువే ఎక్కువ వీరంగా అనిపిస్తుంది.

కంపెనీలు చేతులు మారే ఈ రోజుల్లో ఆయన దగ్గర ఇంకోటి కూడా ఉంది, దారిలో వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో వెండి నాణేల నిధి దొరికింది, 13 వేలకు పైగా నాణేలు. అన్నీ శత్రువు నహపానుడివి. వాటిలో ఎక్కువ భాగం మీద శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. కరిగించలేదు, పారెయ్యలేదు. ఒకే నాణెం మీద ఓడినవాడి మొహం, గెలిచినవాడి గుర్తు రెండూ కనిపిస్తాయి. కొత్త ఓనరు రాగానే పాత రిజిస్టర్లు చించేసే చోట్ల ఆ నాణెం బొమ్మ పెట్టుకోవచ్చు.

గణపతిదేవుడి పేరు ఇందాక వచ్చింది. చీరాల దగ్గర మోటుపల్లిలో 1244-45 నాటి ఆయన అభయశాసనం ఉంది. ఓడ వ్యాపారుల కోసం వేసింది. గాలివానకు కొట్టుకొచ్చి తీరం తాకిన ఓడల సరుకంతా ఇంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారు, మేము నిర్ణయించిన సుంకం తప్ప అంతా వాళ్ళకే వదిలేస్తున్నాం అని అందులో ఉంది. సుంకం ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, మిరియాలు అని సరుకుల పేర్లు కూడా రాయించాడు. మిరపకాయ లేదు, అప్పటికి అది ఇంకా మన సముద్రం మొహం చూడలేదు. ఇక్కడ కూడా నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది మొదటి వాక్యమే. ఇంతకుముందు జరిగింది తప్పు అని పేరు పెట్టి చెప్పాడు. తప్పును మెరుగులతో కప్పి, నేటి నుంచి నవశకం అని బ్యానరు కట్టలేదు.

మీలో చాలామంది సచివాలయం పనుల మీద మందడం వైపు వెళ్తుంటారు. ఆ పక్కనే మల్కాపురంలో ఒక రాతి స్తంభం ఉంది, 1261 నాటిది. రుద్రమదేవి కాలం. మందడం, వెలగపూడి ఊళ్ళ ఆదాయంతో నడిచిన మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల వివరం అందులో ఉంది. పాఠం చెప్పేవాళ్ళు, వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, వంటవాళ్ళు, పాడేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు, కావలివాళ్ళు, ఎవరెవరు ఉండాలో, ఎవరి వాటా ఎంతో చెక్కి ఉంది. కత్తి పట్టి యుద్ధాలు చేసిన రాణిగా రుద్రమను గుర్రం మీద చూపించడం మీకు అలవాటు. ఆమె హయాంలో కాయస్థుడి వాటా రాతికెక్కింది చూడండి. మా దగ్గర ట్రే గొట్టం ఎవరు చూడాలో ఏ కాగితం మీదా లేదు. ఆపరేటరు మిషన్ నాది అంటాడు, ఛాంబరు హమాలీలది అంటాడు. హమాలీ, నీళ్ళు మిషన్‌వి అంటాడు. ఈ తగాదా మల్కాపురం రాయికి రాదు.

కృష్ణదేవరాయల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. 1515లో కొండవీడు పట్టిన తీరు మీరు గంటసేపు చెప్పారు. ఆ దండయాత్ర దారిలోనే ఆయన మన విజయవాడలో కొన్నాళ్ళు ఆగి, ఘంటసాల దగ్గరి శ్రీకాకుళం వెళ్ళి ఆంధ్ర మహావిష్ణువును చూశాడనీ, అక్కడే ఆముక్తమాల్యద పుట్టిందనీ మాత్రం చెప్పలేదు. యుద్ధాలు గెలిచిన ఆ చేతితోనే అందులో రాజనీతి రాశాడు. నేల కొంచెమే ఉన్నా చెరువులు, కాలవలు తవ్వించి, పేదరైతుకు పన్నులో, కోరులో (పంట వాటాలో) వెసులుబాటు ఇస్తే ధనం, ధర్మం రెండూ పెరుగుతాయని అందులో ఉంది. అదే రాయలు కొడుకు పోయిన దుఃఖంలో, చిన్నప్పటినుంచీ తనకు దారి చూపించిన తిమ్మరుసు కళ్ళు తీయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. దాని మీద చరిత్రకారులకు వాదాలున్నాయి. పల్నాటి కథ ఇంకా దగ్గరిది. సంధి మాటలకు వెళ్ళిన అలరాజుకు విషం పెట్టారని వీరగాథల్లో పాడతారు. మాట మోసేవాణ్ణి చంపుకున్నాక మిగిలింది కారెంపూడి రణరంగమే. బాలచంద్రుడి తెగువను చూపించి చప్పట్లు కొట్టించే ముందు, ఆ కథలో చివరికి ఇంటికి చేరినవాళ్ళెంతమందో ఒక్కసారి అడగండి.

మీ ఇబ్బంది నాకు తెలుసు. రెండు రోజుల్లో శాసనాలు చదివించడం మొదలుపెడితే రెండో పూటకు సగం హాలు నిద్రపోతుంది. కత్తి, గుర్రం, కేక ఉంటేనే ఫీజు కట్టినవాడికి తృప్తి. యజమానులు కూడా తాము సేనాపతులమనిపించుకోవడానికే వస్తారు, ప్రతివేదకుల్ని పెట్టుకోండి అని చెప్పించుకోవడానికి రారు. అయినా అడుగుతున్నాను. ముందు, ఆ పరిష్కారంతో రండి అన్న వాక్యాన్ని మీ స్లైడ్లలోంచి తీసెయ్యండి. తియ్యలేకపోతే దాని కింద ఆరో శాసనం పెట్టండి, చదివినవాళ్ళే తేల్చుకుంటారు. తరవాత, వచ్చే బ్యాచ్‌ని ఒక పూట హాల్లోంచి బయటికి తీసుకెళ్ళండి. బ్యారేజీ దాటితే ఉండవల్లి, ఆ పైన మల్కాపురం, అమరావతి మ్యూజియం, తిరిగొచ్చేటప్పుడు గుంటూరు మిరప యార్డు. నాలుగూ ఒక రోజులో తెమిలిపోతాయి. ఎండాకాలం పెట్టకండి, యార్డుకు సెలవులిస్తారు, రాళ్ళ దగ్గర నిలబడలేరు కూడా. స్తంభం మీద ఏముందో చెప్పడానికి నేను వస్తాను, డబ్బులక్కర్లేదు.

మూడోది కాస్త కష్టం. ప్రతి యజమాని తన వెంట తన దగ్గర అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషిని ఒకణ్ణి తీసుకురావాలని పెట్టండి. ఆ మనిషికి కుర్చీ ముందు వరసలో వెయ్యండి. ఫీజులో సగం రాయితీ ఇవ్వండి.

మా ఓనరు గారి గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ నష్టం తరవాత ఆయన కాగితం చించేశారు. కత్తి ఉంచారు, ఇప్పుడు దానికి ఛాంబర్ల తాళాలు తగిలిస్తున్నారు. సాయంత్రం తలుపులు వేసే వేళకు మేస్త్రిని పిలిచి, "ఇవాళ చేతికేమైనా తగిలిందా?" అని అడుగుతున్నారు. చాలారోజులు ఏమీ తగలదు. తగిలిన రోజు రాసి పెట్టడానికి ఒక నోటుబుక్కు ఉంది, ఇప్పుడది నా తరవాత వచ్చిన కుర్రాడి చేతిలో ఉంది.

ఈ ఉత్తరం రాసేముందు మేస్త్రికి ఫోన్ చేసి, విజయవాడలో క్లాసుకు పిలిస్తే వస్తావా అని అడిగాను. ఆదివారమైతే వస్తానన్నాడు. ఏసీ హాల్లో మాత్రం కూర్చోపెట్టొద్దన్నాడు. బతుకంతా చలిలోనే గడిచిందట.

ఇట్లు,
కోల్డ్ స్టోరేజీ మాజీ గుమస్తా,
గుంటూరు